టేబుల్ నంబర్ ఏడు రాజీనామా

జూన్ 1, సోమవారం

కొత్త ఫోను నా వేలిని గుర్తుపట్టనంటోంది. పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టాను, ఒక్కదానికీ తెరుచుకోలేదు. తొమ్మిదేళ్ళు ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచిన వేళ్ళు మరి, వాటి గీతలన్నీ ఏ దేశం వాళ్ళ కంచాల్లోకో ఎగుమతి అయిపోయినట్టున్నాయి. చివరికి నాలుగంకెలు పెట్టుకున్నాను. ఒకందుకు మంచిదే, ఈ రాతలు ఇంకెవరూ తెరవలేరు. చర్చి వాట్సాప్ గ్రూపులో పాస్టరు గారి ప్రసంగాన్ని ఆయన ఆమెన్ అనేలోపు టైపు కొట్టేస్తుందని ఈ ఏసుమణికి పేరు. అందరి మాటలూ కొట్టే వేళ్ళు నా మాటలు కొట్టలేవా?

పొద్దున తమ్ముడు వచ్చాడు. హెబ్రోను ఇప్పుడు టీ తాగడు. నిమ్మకాయ పిండిన వేడినీళ్ళు తాగుతాడు, ఒంటికి మంచిదట. రొయ్యల కంపెనీ గేటుకు ఎదురుగా నా కొట్లో టీ, ఇడ్లీ, గ్లౌజులు, టోపీలు, నొప్పుల మందు అన్నీ అమ్ముతాను. వేడినీళ్ళు మాత్రం వాడొక్కడికే. డబ్బులు ఎవరడుగుతారు, రొయ్యల కార్మికుల సంఘం ప్రెసిడెంటును?

ఇవాళ ఒక బేరం కూడా తెచ్చాడు.

“అక్కా, చేతులకు పూసుకునే క్రీము, నెలకు రెండొందల డబ్బాలు. వచ్చే నెల నుంచి కంపెనీకి నువ్వే ఇయ్యాల. తెప్పించగలవా?”

“తెప్పించేదేంది, నెల్లూరు పోయి నెత్తిన పెట్టుకోనొస్తా. కంపెనీకి ఉన్నట్టుండి అంత ప్రేమ యాడ పుట్టింది?”

“ప్రేమ కాదక్కా, సంఘం సాధించింది.”

లేస్తూ లేస్తూ సంఘం పేరు అచ్చేసిన ఖాళీ కాగితాలు నాలుగు ముందు పెట్టాడు. కింద సంతకాలు చేశాను. నేను సంఘానికి ట్రెజరర్ని, పేరుకే. ఆరేళ్ళ కిందట సంఘం పెట్టినప్పుడు నేను లోపల రొయ్యలు ఒలిచే ఏడో టేబుల్లో ఉండేదాన్ని. మనిషి తక్కువైతే నా పేరు రాశారు. ఆ ఏడాదే నడుం పట్టేసి పని మానేశాను, కొట్టు పెట్టుకున్నాను, పేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. వాడు తెస్తాడు, నేను పెడతాను. తమ్ముడు కదా.

వాడి తెల్ల బూట్లు ఎంత బాగున్నాయో. కోట నుంచి, చిట్టమూరు నుంచి ఆడవాళ్ళను తెచ్చే బస్సుల్లో రెండు ఇప్పుడు వాడివే. లోనులో కొన్నాడు.

జూన్ 2, మంగళవారం

శాంపిల్ డబ్బా వచ్చింది. గులాబీ వాసన. రొయ్యల వాసన మీద గులాబీ వాసన ఎట్లా ఉంటుందో కనిపెట్టిన మహానుభావుడికి దండం పెట్టాలి.

జూన్ 4, గురువారం

మధ్యాహ్నం షిఫ్టు దిగి బిందు వచ్చింది. ఏడో టేబుల్ లీడరు, చిట్టమూరు అమ్మాయి. డిగ్రీ ఫెయిలు, నోరు ఫస్టు క్లాసు. వెనకాల టేబుల్ మొత్తం ఉంది, పన్నెండు మంది. వీళ్ళు టీకి కూడా పన్నెండు మందీ కలిసే వస్తారు. లోపల అంతా అట్లాగే నడుస్తుంది. తూకమూ టేబుల్ లెక్కనే, కూలీ టేబుల్ లెక్కనే, సూపర్‌వైజర్ తిట్టేది కూడా టేబుల్‌నే.

“ఏసక్కా, ఒక అర్జీ టైపు చేసిపెట్టాల.”

“ఏంది, మళ్ళీ బాత్రూము గొళ్ళెం ఊడిందా?”

“సంఘం మాకొద్దని.”

నవ్వొచ్చింది.

“సంఘమంటే చీరా మే, రంగు నచ్చలేదని వాపసు ఇచ్చేదానికి?”

“చీరైతే ఒక్క ఉతుకుకే రంగు బయటపడేది. ఆరేళ్ళు కట్టుకున్నాం గదక్కా.”

అప్పుడు చెప్పింది సంగతి. నెలాఖరుకు సంఘానికీ కంపెనీకీ కొత్త ఒప్పందమట, మూడేళ్ళకు. అందులో వేడినీళ్ళు తీసేస్తున్నారట, దానికి హెబ్రోను ఒప్పుకున్నాడట. తూకం దగ్గర ఎవరో అంటే వీళ్ళు విన్నారట.

నేను గట్టిగానే కసిరాను. వేడినీళ్ళు తీసేసేది హెబ్రోనా? రెండు గంటలకోసారి పది నిమిషాలు చేతులు వేడినీళ్ళ తొట్లో ముంచుకోవచ్చని ఈ కంపెనీ చేత రాయించింది ఎవరు? పందొమ్మిది రోజులు సమ్మె చేసింది ఎవరు? అప్పుడు వాడు ఐసు సెక్షన్లో ఉండేవాడు, గడ్డలు పగలగొట్టేవాడు. నేను ఇదే రోడ్డు మీద డ్రమ్ములో నీళ్ళు కాస్తే, రెండొందల మంది ఆడవాళ్ళు గేటు ముందర వరసగా వచ్చి చేతులు ముంచుకుంటుంటే, లోపలి పెద్దమనుషులు కిటికీలు మూసుకున్నారు. చూసి సిగ్గుపడలేక. అట్లాంటివాడి మీద ఈ మాటా?

“అదే గదక్కా మా బాధ కూడా,” అంది బిందు. “తెచ్చినోడే తీసుకపోతా ఉండాడు.”

వెనక నుంచి పెంచలమ్మ చేతులు చాపింది. టేబుల్‌కల్లా పెద్దది. నేను లోపలున్నప్పుడు నా పక్కనే నిలబడేది. వేళ్ళు తెల్లగా ఉబ్బి, వంగనంటున్నాయి.

“నాకు సంఘమూ తెలీదు, ఒప్పందమూ తెలీదు ఏసమ్మా. ఆ పది నిమిషాలు లేకపోతే నేను జడేసుకోలేను, అన్నం కలుపుకోలేను. అంతే నాకు తెలిసింది.”

సరే, టైపు చేయడానికి నాదేం పోయింది? చెప్పినట్టే కొట్టిచ్చాను. “మేము, టేబుల్ నంబరు 7, సంఘానికి రాజీనామా చేయుచున్నాము.” కింద ఏడు అంకె పెద్దది వేసి చుట్టూ సున్నా చుట్టమన్నారు. లోపల డబ్బాల మీద వేసే గుర్తు అదే. బిందు దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయిందో. సాయంత్రానికి ఇంకో ఎనిమిది టేబుళ్ళు అదే కావాలని వచ్చాయి.

పిచ్చి మనుషులు. హెబ్రోను అట్లాంటి పని చేయడు.

జూన్ 5, శుక్రవారం

“అక్కా, ఎవరో నా మీద అర్జీలు టైపు చేయిస్తా ఉండారంట. ఎవురో నీకు తెలుసునా?”

“నాకేం తెలుసు. కొట్లో పనికే తీరదు.”

నిమ్మకాయ ఎక్కువ పిండాను. మొహం చిట్లించి తాగాడు.

జూన్ 8, సోమవారం

గ్లౌజుల సరుకు కోసం గూడూరు వెళ్ళాను. బిందు, పెంచలమ్మ అదే బస్సులో కనపడ్డారు. లేబర్ ఆఫీసు ఎక్కడో వాళ్ళకు తెలియదంటే దారి చూపించాను, ఎండగా ఉందని లోపల ఫ్యాను కింద కూర్చున్నాను. అంతకు మించి నాకేం సంబంధం లేదు.

ఆఫీసరు ఆడమనిషి, కామాక్షి మేడం. తొమ్మిది టేబుళ్ళ రాజీనామాలనూ ఒక్కొక్కటే చదివింది. చివరికి కళ్ళజోడు తీసింది.

“ఏందమ్మా ఇది, టేబుల్ రాజీనామా చేసిందా?”

“అవును మేడం,” అంది బిందు ధీమాగా. “మొత్తం టేబులే.”

“దానికి నాలుగు కాళ్ళుంటాయి గానీ సంతకం పెట్టేదానికి చెయ్యి లేదు గదమ్మా.”

పక్కనున్న గుమస్తా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. టైపు చేసింది నేను కదా. ఆ ఏడు అంకె చుట్టూ సున్నా కూడా నేనే చుట్టాను.

“సంఘంలో చేరింది ఎవురు? టేబులా, మీరా?”

“మేమే.”

“అయితే మానుకునేదీ మీరే. ఒక్కొక్కరు, ఎవరి పేరు మీద వాళ్ళు, ఎవరి ఇష్టంతో వాళ్ళు. ఒక కాగితం సంఘానికి, నేను మానేస్తా ఉండానని. స్పీడు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రెండో కాగితం కంపెనీకి, నా జీతంలో సంఘం చందా కొయ్యొద్దని. ఆ తర్వాత సంఘం వెనకాల ఎంతమంది ఉండారో లెక్క చూడమని నాకు అర్జీ ఇయ్యండి. రెండొందల మందిలో సగానికి పైన లేరని తేలితే, మీ అందరి తరఫునా ఒప్పందం చేసే హక్కు ఆ సంఘానికి ఉండదు.”

“మానేస్తే మమ్మల్ని పన్లోంచి తీసేస్తారా మేడం?” పెంచలమ్మ అడిగింది.

“సంఘంలో ఉండావని తీసెయ్యగూడదు, లేవని తీసెయ్యగూడదు. చేరేది నీ హక్కు, మానుకునేదీ నీ హక్కే.”

“సంఘం మూతపడిపోద్దా?” ఇది నేనడిగాను. ఎందుకడిగానో.

“ఎందుకు మూతపడుద్ది? ఉండేవాళ్ళకు ఉంటాది. మానేసినోళ్ళ తరఫున మాట్లాడదు, అంతే. ఇంకో మాట, ఇది బాగా వినండి. దీంట్లో కంపెనీవాళ్ళ చెయ్యి పడగూడదు. వాళ్ళ కాగితం, వాళ్ళ వ్యాను, డ్యూటీ టైము ఏదీ వాడొద్దు. వాడినారో, మీరు మీ ఇష్టంతో రాసినారని నేను రాయలేను.”

“మరి వేడినీళ్ళు?” అంది బిందు.

“పాత ఒప్పందం నడుస్తానే ఉంటాది, కొత్తది వచ్చేదాకా. ఆ కొత్తది ఎట్టుండాలో మీరు చూసుకోవాల. సంఘాన్ని వద్దనుకోవడం ఒక పని. ఆ తర్వాత ఎవరు మాట్లాడతారనేది ఇంకో పని. ఇది గుర్తు పెట్టుకోండి.”

వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరి మొహాలూ చూశాను. పన్నెండు మంది కలిసి ఏమైనా చేస్తారు. ఒక్కత్తే తన పేరు రాయాలంటే చెమటలు. గ్లౌజులు తేవడం మర్చిపోయాను.

జూన్ 9, మంగళవారం

మధుబాబు సార్ కొట్టుకు వచ్చాడు. కంపెనీలో ఆయనది మనుషుల్ని చూసుకునే ఉద్యోగం. ఆరేళ్ళలో గేటు దాటి నా టీ తాగడం ఇదే మొదలు. తాగలేదు కూడా, గ్లాసు పట్టుకుని తిప్పాడు. బెంచీ మీద టీ తాగుతున్న బిందు వాళ్ళ ముందు ఒక కట్ట పెట్టాడు. రెండొందల రాజీనామాలు, అందంగా అచ్చేసి, పేర్లు, టోకెన్ నంబర్లతో సహా. సంతకం పెట్టే చోట పెన్సిలుతో చిన్న ఇంటు మార్కు.

“మీకెందుకమ్మా శ్రమ? ఇవి పెట్టేసి ఇవ్వండి. గూడూరుకు మన వ్యానే పంపిస్తా. సంఘం లేకపోతే మనమందరం ఒక కుటుంబం.”

నాకు ఆ కుటుంబం తెలుసు. సమ్మెలో కిటికీలు మూసుకున్న కుటుంబం.

పన్నెండు మందిలో ఎనిమిది మంది మొహాలు వెలిగాయి. శ్రమ లేదు, రాయక్కర్లేదు, పేరు కూడా ఆయనే రాసిపెట్టాడు. ఒకావిడైతే పెన్ను కూడా తీసింది.

నాకేం సంబంధం? ఏమీ లేదు. కానీ చేతిలో టీ గిన్నె ఉంది, చెయ్యి జారింది. కట్ట మొత్తం తడిసింది.

“అయ్యో సార్! నా వేళ్ళకు పట్టు లేదు సార్, తొమ్మిదేళ్ళు మీ ఐసులోనే పెట్టినాను గదా.”

ఆయన తెల్ల ప్యాంటు మీద కూడా పడింది. దానికి నేనేం చేయను.

జూన్ 10, బుధవారం

హెబ్రోను రాలేదు. నీళ్ళు కాచి పారబోశాను.

జూన్ 12, శుక్రవారం

షిఫ్టు దిగాక నా కొట్టు బెంచీల మీద రాతలు మొదలయ్యాయి. కాగితాలు నేనే కోటలో కొన్నాను. వ్యాపారం అంటే అన్నీ అమ్మాలి.

ఎవరికీ మొదటి కాగితం కావడం ఇష్టం లేదు. “నువ్వు రాయి”, “ముందు నువ్వు రాయి” అని ఒకర్నొకరు తోసుకున్నారు. ఒలిచేటప్పుడు మాత్రం పక్కదాని గంపలోంచి రొయ్యలు లాక్కుంటారు. చివరికి పెంచలమ్మ పెన్ను తీసుకుంది. తీసుకుందే గానీ వేళ్ళ మధ్య నిలవలేదు. రెండుసార్లు కిందపడింది.

“ఏసమ్మా, కాసిని వేడినీళ్ళు ఇయ్యి.”

తమ్ముడి గ్లాసులో పోసి ఇచ్చాను. అదే చేతికి దొరికింది. వేళ్ళు ముంచి కాసేపుంచి, తుడుచుకుని, మళ్ళీ పట్టుకుంది. “పెం” దగ్గర ఒకసారి ఆగింది. “చ” దగ్గర నాలుక బయటపెట్టింది. పావుగంట పట్టింది పేరు రాయడానికి. రాసి, దూరంగా పట్టుకుని చూసుకుంది.

“పెళ్ళప్పుడు వేలిముద్రేసినా. ఇదే నా మొదటి సంతకం.”

“బాగుండాది, ఇదే ఊపులో ఇల్లు కూడా రాసిచ్చెయ్యి మా పేరున,” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే తలా ఒక కాగితం తీసుకున్నారు. ఇవాళ్టికి నలభై ఒకటి.

నేను మాత్రం వీళ్ళకు చెబుతూనే ఉన్నాను, ఒప్పందంలో అట్లాంటిదేమీ ఉండదు, చూసి మీరే సిగ్గుపడతారు అని.

జూన్ 14, ఆదివారం

చర్చిలో తమ్ముడు సాక్ష్యం చెప్పాడు. తాను సేవకుణ్ణి అన్నాడు మూడుసార్లు. చెప్పుల దగ్గర వాడి తెల్ల బూట్లు మాత్రం అందరి చెప్పులకూ కాస్త దూరంగా పెట్టి ఉన్నాయి. టైపు కొట్టలేదు నేనివాళ. ఫోను చార్జింగు లేదని చెప్పాను.

బస్సులు లోనులో కొన్నాడు. లోనులో ఎవరైనా కొనుక్కోవచ్చు.

జూన్ 15, సోమవారం

రాయడానికేమీ లేదు. ఎండ ఎక్కువ. పాలు విరిగాయి.

జూన్ 16, మంగళవారం

నిన్న పాలు విరిగింది నిజమే. దాంతో పాటు ఇంకొకటి జరిగింది.

నోటీసు బోర్డు మీద ఒప్పందం కాపీ పెట్టారు. బిందు ఫోనులో ఫొటో తీసుకొచ్చి నా ముందు పెట్టింది. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపించింది.

నేను చదివాను. ఐదో అంశం. ‘వేడినీటి విరామానికి బదులుగా ప్రతి కార్మికురాలికి నెలకు ఒక డబ్బా చేతుల క్రీము అందజేయబడును.’ కింద మూడు సంతకాలు. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్. ఆ మూడోది నాది. ఏసుమణి అని చివర్లో ఒక కొసరు గీత గీస్తాను కదా, ఆ గీతతో సహా.

ఖాళీ కాగితం మీద నేను పెట్టిన సంతకం పైన వాళ్ళు ఇది అచ్చేసుకున్నారు. ఆ క్రీము నా కొట్లోనే ఉంది. రెండొందల డబ్బాలు, శనివారమే వచ్చాయి, గోడ వారగా వరసగా పేర్చి పెట్టాను. బిందు వాటినీ చూసింది, నన్నూ చూసింది.

“అక్కా, నీకు ముందే తెలుసునా?”

“తెలీదు.”

“సంతకం నీదే గదా?”

“నాదే.”

“మరి?”

ఆ ‘మరి’కి జవాబు కావాలి. నిన్నంతా వెతికాను. ఆరేళ్ళుగా అందరినీ వెక్కిరించిన నోరు కదా, నాకు ఒక్క ముక్క కూడా దొరకలేదు.

ఇవాళ పొద్దున వాడు వచ్చాడు. నీళ్ళు ఇవ్వలేదు.

“రే, వేడినీళ్ళు తీసేసినావంట.”

“తీసెయ్యలేదక్కా, మార్చినాం. క్రీము వస్తాది గదా. బయటి దేశాలోళ్ళు పన్నులు పెంచినారు, ఆర్డర్లు తగ్గిపోయినాయి. రోజుకు నలభై నిమిషాలు మిగిల్తే కంపెనీ నిలబడతాది. గేటు మూసేస్తే ఈ రెండొందల మంది ఏం తింటారు? ఆలోచించి చేసినా.”

“వాళ్ళనడిగి చేసినావా?”

“వాళ్ళకేం తెలుసక్కా?”

“నీకు తెలుసా, ఐసులో చెయ్యి పెట్టి ఎన్నేళ్ళయింది?”

వాడు రోడ్డు వైపు తిరిగాడు.

“బస్సులు లోనులో కొన్నావు గదా. ఆ లోనుకు పూచీ ఎవరు?”

గ్లాసు లేని చేతిని అటూ ఇటూ తిప్పుకున్నాడు. “కంపెనీ,” అన్నాడు, నా వైపు చూడకుండా.

ఇన్నాళ్ళూ నేనడగని ప్రశ్న అదొక్కటే. అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాడేమో. అందుకే అడగలేదేమో.

“నా చేత సంతకం పెట్టించినావు గదరా.”

“చదవొద్దని నేను చెప్పినానా అక్కా?”

అని వెళ్ళిపోయాడు. తెల్ల బూట్లకు దుమ్ము పట్టింది, తుడుచుకోలేదు.

చెప్పలేదు. నిజమే, వాడు ఎప్పుడూ చదవొద్దని చెప్పలేదు.

జూన్ 18, గురువారం

ఎనభై ఎనిమిది కాగితాలు. పోస్టాఫీసు వాళ్ళు బిందును చూస్తే తలుపు వేసుకుంటున్నారట.

అందరూ వెళ్ళాక నేనూ ఒకటి రాశాను. ఫోనులో కాదు, చేత్తో. ట్రెజరరు పని మానేస్తున్నాననీ, ఫలానా ఒప్పందం కింద ఉన్న సంతకం ఖాళీ కాగితం మీద పెట్టిందనీ, అందులో ఏముందో నేను చదవలేదనీ, ఇప్పుడు చదివాననీ, ఒప్పుకోననీ. సంఘానికొకటి, కంపెనీకొకటి, గూడూరు మేడానికొకటి. ఐదు వాక్యాలు, రెండు గంటలు. ఆమెన్ లోపు ప్రసంగం కొట్టే మనిషిని.

మేడానిది ఫోనులో ఫొటో తీసి కూడా పంపాను, కాసేపటికే కామాక్షి మేడం ఫోను చేసింది. “అమ్మా, మీరు కంపెనీలో వర్కరు కాదు గదా. ఎంతమంది అనే లెక్కలోకి మీ కాగితం రాదు.”

“తెలుసు మేడం.”

“సంతకం సంగతి మాత్రం ఫైల్లో పెడతా.”

“పెట్టండి మేడం. పైనే పెట్టండి.”

జూన్ 24, బుధవారం

ఇవాళ లెక్క. మేడం కంపెనీ క్యాంటీన్లో కూర్చుంది, అటు మధుబాబును గానీ ఇటు హెబ్రోనును గానీ లోపలికి రానివ్వకుండా. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచిందట. టేబుల్ నంబరు కాదు, పేరు. సగం మంది తమను పిలుస్తున్నారని కూడా గుర్తుపట్టలేదని బిందు చెప్పింది. “ఏడో టేబుల్” అంటే పన్నెండు తలలు లేస్తాయి, అసలు పేరు అంటే పక్కకు చూస్తారు.

రెండొందల మందిలో నూట పదిహేడు మంది మేము సంఘంలో లేము అన్నారు. ఎనభై మూడు మంది ఉన్నామన్నారు. వాళ్ళలో వాడి బస్సుల్లో వచ్చేవాళ్ళే ఎక్కువ. దిగి నడవమంటాడేమోనని భయం.

అందరి తరఫునా ఒప్పందం చేసే హక్కు సంఘానికి లేదని మేడం రాసింది. నోటీసు బోర్డు మీద ఉన్న కాపీని మధుబాబే చించాడట. నవ్వుతూ చించాడట. ఆ నవ్వు నాకు నచ్చలేదు. సంఘం పోయినందుకు ఆయన నవ్వు, వేడినీళ్ళు మిగిలినందుకు వీళ్ళ నవ్వు. రెండూ ఒకే గదిలో ఎంతసేపుంటాయి?

రోడ్డు అవతల హెబ్రోను ఒక్కడే నిలబడి ఉన్నాడు. నేను పిలవలేదు. వాడూ రాలేదు.

జూన్ 26, శుక్రవారం

నేననుకున్నదే. నిన్న పొద్దున వేడినీళ్ళ తొట్టి రాలేదట. అడిగితే మధుబాబు, “సంఘం లేదు కదమ్మా, ఎవరితో మాట్లాడాలి నేను?” అన్నాడట.

ఆ తర్వాత జరిగింది పెంచలమ్మ చెప్పింది. నా బెంచీ మీద కూర్చుని, టీ తాగుతూ, మధ్యమధ్య తానే నవ్వుకుంటూ. మొదట బిందు వెళ్ళిందట మధుబాబు కిటికీ దగ్గరికి. “నా పేరు బిందు. పాత ఒప్పందం ప్రకారం నాకు వేడినీళ్ళు కావాల.” రాసి ఇచ్చి వచ్చిందట. ఆమె వెనకే పెంచలమ్మ. “నా పేరు పెంచలమ్మ. నాకు వేడినీళ్ళు కావాల.” ఆమె వెనక ఇంకొకత్తె. గంటన్నర సాగిందట వరస. సంఘంలోనే ఉంటామన్న ఎనభై మూడు మందిలో సగం మంది కూడా వచ్చి నిలబడ్డారట. లోపల రొయ్యల మీద ఐసు కరిగిపోతోంది. డెబ్బయ్యో మనిషి దగ్గర మధుబాబు కేకలేశాడట.

“అందరూ ఎందుకమ్మా? ఎవరో ఒక్కరు వచ్చి చెప్పండి చాలు!”

“ఆ ఒక్కడినే గద సార్, నిన్న పంపించేసినాం,” అందట పెంచలమ్మ.

మధ్యాహ్నానికి తొట్టి వచ్చింది. వాళ్ళు ఇంకొక పని కూడా చేశారు. టేబుల్‌కొకరు చొప్పున కూర్చుని మాట్లాడుకుంటున్నారు, కొత్త సంఘం పెట్టుకోవాలా వద్దా అని. పెడితే, ఒప్పందం ఏదైనా బోర్డు మీద వారం రోజులు పెట్టి, అందరికీ చదివి వినిపించాకే సంతకం చేయాలట. నన్ను రమ్మన్నారు. రానన్నాను. నాకు చదవడం ఈ మధ్యే వచ్చింది.

ఇవాళ పొద్దున హెబ్రోను వచ్చాడు. పదహారో తేదీ తర్వాత ఇదే రావడం. మామూలు చెప్పులు. బెంచీ చివర కూర్చున్నాడు. గోడ వారగా రెండొందల క్రీము డబ్బాలు, తీసుకెళ్ళే దిక్కు లేక అట్లాగే ఉన్నాయి. వాటి వైపు చూడకుండా కూర్చోవడానికి కొట్లో ఇంకో చోటు లేదు.

నీళ్ళు కాచి గ్లాసులో పోశాను. నిమ్మకాయ పిండలేదు. వాడు తాగలేదు. రెండు చేతులతో గ్లాసును చుట్టి పట్టుకున్నాడు, ఐసు గడ్డలు పగలగొట్టి వచ్చిన రోజుల్లో పట్టుకున్నట్టు. ఎడమచేతి వేళ్ళు రెండు వాడివి కూడా పూర్తిగా వంగవు. నేను మర్చిపోయాను ఆ సంగతి. వాడు కూడా మర్చిపోయినట్టున్నాడు.

గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

“అక్కా, నీ కాగితం అసలు లెక్కలోకే రాలేదంట గదా.”

“రాలేదు.”

“మరెందుకు రాసినావు?”

“ముందు చదివి, ఆ తర్వాత సంతకం పెడితే ఎట్టుంటాదో చూద్దామని.”

గేటు దగ్గర తొమ్మిదిన్నర బెల్లు కొట్టారు. వేడినీళ్ళ బెల్లు. ఇద్దరం అటే చూశాం. బెల్లు ఆగాక వాడు గ్లాసు కింద పెట్టి జేబులో చెయ్యి పెట్టాడు.

“ఎంతక్కా?”

ఆరేళ్ళలో మొదటిసారి అడిగాడు. నేనూ మొదటిసారి చెప్పాను.